ఎడమవైపు వెనక తలుపు

ఏసోబు పోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది పాలు పోసే రాఘవమ్మ. విజయదశమి నాటి పొద్దున, నా గిన్నెలో పాలు పోస్తూ, "మెకానిక్ ఏసోబు లేడూ, నిన్న బెజవాడ ఆస్పత్రిలో పోయాడంటమ్మా" అని చెప్పింది.

నేను వెంటనే అడిగిన మాట, "నిన్న ఎప్పుడు?" అని.

"మద్దేనం. అన్నాలేళ దాటాకంట."

పోయిన మనిషి గురించి అయ్యో అనకుండా వేళ అడిగే ఆడదాన్ని రాఘవమ్మ ఎప్పుడూ చూసి ఉండదు. నా మొహంకేసి ఒకసారి చూసి, పాలబిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను పాలగిన్నె ఒళ్లో పెట్టుకుని మెట్టు మీదే కూర్చుండిపోయాను.

ఆ వేళ ఎందుకు అడిగానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నేను బడికి వెళ్లి చదువుకోలేదు. మా నాన్నగారే ఇంట్లో పలక పట్టించి అక్షరాలు నేర్పారు. "దేవుణ్ణి నమ్మినవాళ్లకి ఇంకోదాన్ని నమ్మే తీరిక ఎక్కడుంటుందమ్మా" అనేవారు ఆయన. ఆ మాట నాకు బాగా పట్టింది. వీధిలో ఆడవాళ్లు చేరి ఫలానా ఇంట్లో గజ్జెల చప్పుడు వినపడిందనీ, ఫలానావాళ్ల కోడలికి గాలి సోకిందనీ చెప్పుకుంటుంటే, దీపారాధనకి వత్తులు చేసుకోవాలని చెప్పి లేచి వచ్చేసేదాన్ని.

ఇది డెబ్బైలలో జరిగింది. మేము తిరువూరులో ఉండేవాళ్లం. మావారికి ఒక టాక్సీ కారుండేది. వాళ్లది వ్యవసాయ కుటుంబమే. ఈయనకు మాత్రం నాగలి కంటే స్టీరింగు మీద మనసు. తన వాటాకు వచ్చిన పొలం చెక్క అన్నగారికే ఇచ్చేసి, పాత నల్లకారు ఒకటి కొనుక్కున్నారు. దగ్గర్లో నెమలి అనే ఊళ్లో ఉన్న వేణుగోపాలస్వామి దర్శనానికి వెళ్లేవాళ్లు, పెళ్లిళ్లవాళ్లు, బెజవాడ ఆస్పత్రులకు వెళ్లేవాళ్లు ఎక్కేవారు.

మాకు పిల్లలు లేరు. అత్తమామలు అప్పటికే లేరు. ఆయన చీకటితో వెళితే మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు. వంట చేసి మూతలు పెట్టి కూర్చుంటే, ఇల్లంతా నా ఒక్కదాని ఊపిరే వినపడేది. ఫిర్యాదుగా చెప్పడం లేదు. స్వామి ఇచ్చినదానికి నేనెప్పుడూ దణ్ణమే పెట్టాను. కాకపోతే చప్పుళ్ల కోసం చెవి ఒగ్గడం అలవాటైంది. ఈ సంగతికి అదే ముఖ్యం.

మా ఇంటి ముందు వాటాలో ఒక బడిపంతులుగారి కుటుంబం అద్దెకుండేది. ఆయన భార్య రాజ్యం. వాళ్ల పాప పద్మకి అప్పుడు మూడేళ్లు. ఆ పిల్ల మధ్యాహ్నం అయ్యేసరికి నా దగ్గరికి వచ్చి, నా ఒళ్లోనే నిద్రపోయేది. కాళ్లు తిమ్మిరెక్కినా కదిలేదాన్ని కాదు.

ఇక ఏసోబు. సెంటరులో రోడ్డువార ఒక రేకుల కొట్టు అతనిది. మా కారుకి వైద్యుడు, చుట్టం, అన్నీ అతనే. మాట వదిలితే ఆపేవాడు కాదు. బండి పాడైతే దాన్ని తిట్టేవాడు, బాగైతే తనను తాను పొగుడుకునేవాడు. "నేను పుట్టకపోతే ఈ ఊళ్లో బళ్లన్నీ ఎద్దులతో లాగించుకోవాల్సిందే అమ్మగారూ" అనేవాడు. "నువ్వు బాగుచేశాక కూడా అదే చేస్తున్నాం కదరా" అని మావారు. ఇద్దరికీ అదొక సరదా.

ఒక ఎండాకాలం మావారు నెమలి నుంచి ఒక సంసారాన్ని తీసుకొస్తుంటే, గంపలగూడెం దాటాక మలుపులో, వెనక కూర్చున్న పిల్లవాడు తలుపు పిడి లాగేశాడు. తలుపు తెరుచుకుంది. వాళ్లమ్మ చొక్కా దొరకబుచ్చుకుంది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. కంచం ముందు కూర్చుని, "చొక్కా పాతదైతే చిరిగిపోయేది" అని ఒక్కమాట అన్నారు.

మర్నాడే ఏసోబుని పిలిపించారు. డ్రైవరు తీస్తే తప్ప తలుపు తెరుచుకోకూడదు, అలాంటిదేమైనా ఉందా అని అడిగారు.

ఏసోబు ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు పొంగిపోయాడు. ఇప్పుడైతే ప్రతి కారుకీ కరెంటు తాళాలున్నాయి గానీ, ఆ రోజుల్లో మావైపు అలాంటిది చూసినవాళ్లు లేరు. అతను మాత్రం బెజవాడలో ఎవరో షావుకారు విదేశాల నుంచి తెప్పించుకున్న కారులో చూశాడట. "డ్రైవరు ఏలు కదిపితే తలుపులన్నీ ఒక్కసారే టక్కుమన్నాయండి. నా గుండె కూడా మూసుకుపోయిందండి" అన్నాడు. "దానికి తాళం దేనికిరా, అందులో ఏముందని" అన్నారు మావారు.

అలాంటి సామాను మనకు దొరకదు కనుక తనే చేశాడు. తలుపు రేకు లోపల, రాగితీగ చుట్టిన కాయిలు ఒకటి, దాని మధ్యన ఒక ఇనుపకడ్డీ. తలుపు వేస్తే స్ప్రింగు దానంతటదే గడియను బిగిస్తుంది. డ్రైవరు దగ్గరున్న స్విచ్చి నొక్కితే బ్యాటరీ కరెంటుకి కాయిలు కడ్డీని గుంజి గడియ వదులుతుంది. ఇక లోపలి పిడి లాగినా, బయటి పిడి లాగినా లాభం లేదు. డ్రైవరు తలుపు తాళంచెవిదే కనుక దాన్ని వదిలేసి, మిగిలిన మూడింటికీ పెట్టాడు. పని అయ్యాక ఒక్కో తలుపుకీ చెవి ఆనించి, డాక్టరు గుండె విన్నట్టు వినేవాడు. తర్వాత అరచేత్తో రేకుని నిమిరి, "చల్లగా తిరుగు తల్లీ" అనేవాడు.

కొన్నాళ్లకు ఎడమవైపు వెనక తలుపులో కాయిలు మాడిపోయింది. దారిలో కమురువాసన, పొగ. ఏసోబు దాన్ని తీసేసి, ఇంకా లావుపాటి తీగతో కొత్తది చుట్టి, గట్టి స్ప్రింగుతో బిగించాడు. అప్పటి నుంచి ఆ తలుపు చప్పుడే వేరు. మిగతా రెండూ సన్నగా టిక్కుమనేవి. ఇది మాత్రం టక్కుమని గట్టిగా కొట్టుకుని, వెనకాల స్ప్రింగు చిన్నగా మోగేది, గిన్నె అంచుకి గరిటె తగిలినట్టు. మావారు ఇంటికొచ్చి, సీట్లు దులపడానికి స్విచ్చి నొక్కినప్పుడల్లా ఆ చప్పుడు వంటింట్లోకి వినపడేది. అది వినగానే లేచి కంచం పెట్టేదాన్ని. పిలవనక్కర్లేదు.

ఆ కొత్త కాయిలు బిగించిన రోజునే ఏసోబు నాతో అన్నాడు. "ఒక పని మిగిలిపోయిందమ్మగారూ. కరెంటు లేకపోతే ఇది తెరుచుకోదు. లోపల్నించి లాగడానికో తీగ కట్టాలి. పిల్లలకందకుండా, పెద్దోళ్లకందేట్టు."

"బ్యాటరీ లేకుండా బండెక్కడ నడుస్తుందిరా" అన్నారు మావారు.

"నడవదండి. నిలబడ్డప్పుడు సంగతి చెబుతున్నా" అన్నాడు. వచ్చేవారం వచ్చి కడతానన్నాడు.

ఆ వారంలోనే అతనికి కామెర్లు వచ్చాయి. చెట్టుమందు వేయించారు, తగ్గలేదు. చివరికి భార్య మార్తమ్మ బెజవాడ తీసుకెళ్లి ఆస్పత్రిలో చేర్చింది. మావారే కారులో దించి వచ్చారు. వెనక సీట్లో పడుకుని వెళుతూ కూడా ఏసోబు ఆ తలుపు రేకు మీద చెయ్యి వేసే ఉంచాడట.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఏటా ఏసోబు వచ్చి మా కారు షెడ్డు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, పూజయ్యాక కొబ్బరిముక్క అందుకుని వెళ్లేవాడు. ఆ ఏడు ఆ చోటు ఖాళీ.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మా మామగారు ఆయుధపూజ నాడు ఎడ్ల మెడ మీద కాడి పెట్టేవారు కాదు. ఈయనకు ఎడ్లు లేవు కనుక, పూజకు ముందే బానెట్టు ఎత్తి బ్యాటరీ తీగ ఊడదీసి, దాని కొసకి ఒక బంతిపువ్వు కట్టి పక్కన పెట్టేవారు. "ఇవ్వాళ కాడి దించేశాం" అనేవారు. మర్నాడు దశమి ఘడియ చూసుకునే మళ్లీ తగిలించేది.

ఆ రోజూ అంతే. బండి కడిగారు, తలుపులన్నీ తెరిచి ఆరబెట్టారు. నేను పిడి పిడికీ గంధం రాసి కుంకుమబొట్టు పెట్టాను. కొబ్బరికాయ కొట్టాం. పద్మకి ఒక ముక్క ఇచ్చాను. హారతి అయ్యాక ఆయన తలుపులు ఒక్కొక్కటే వేసి, డ్రైవరు తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. బండి తీయని రోజు కనుక బస్సులో నెమలి వెళ్లారు.

భోజనాలవేళకి రాజ్యం వచ్చింది. "పిన్నిగారూ, మా పద్మ పడుకుందా?" అని అడిగింది. పండుగపూట కదా, తల్లి దగ్గరే ఉందని నేననుకున్నాను. నా దగ్గరుందని తను అనుకుంది.

వీధి వీధంతా వెతికారు. పెరట్లో, పక్కిళ్లలో, గడ్డివాముల వెనక. పంతులుగారు షెడ్డులోకి వెళ్లి కారు కింద కూడా వంగి చూశారు. ముందు అద్దంలోంచి లోపలికి చూశారు, సీట్ల మీద ఎవరూ లేరు. వెనక అద్దాలకి ఆడవాళ్ల కోసం తెరలుండేవి. తలుపులు వేసి ఉన్నాయి, పైగా పూజలో ఉన్న బండి. ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యలేదు.

అప్పుడెవరో బావి అన్నారు. వీధి చివర బావికి గట్టు తక్కువ. ఆ మాటతో అందరూ అటు పరిగెత్తారు. రాజ్యాన్ని ఇద్దరు పట్టుకుని నడిపించారు. పిల్ల ఒకవేళ తిరిగివస్తే ఇంట్లో ఎవరో ఒకరుండాలని నన్ను ఉండమన్నారు.

నేను ఒక్కదాన్నీ వసారాలో కూర్చున్నాను. వీధిలో ఒక్క మనిషి లేడు. బావిలో కొక్కేలు దించుతున్న గొలుసు చప్పుడు దూరం నుంచి వినపడుతోంది. స్వామీ, నాకు పిల్లలివ్వనందుకు నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడు ఇది అడుగుతున్నాను అని మనసులో అనుకున్నాను. ఒళ్లోకి చూసుకుంటే ఒళ్లు ఖాళీగా ఉంది. జీవితంలో అంత ఒంటరితనం నేను ఎరగను, ఆయన పోయిన రోజున కూడా.

అప్పుడు వినపడింది. టక్. వెనకే, సన్నగా, గిన్నె అంచుకి గరిటె తగిలినట్టు.

నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. కంచం తీసి పీట ముందు పెట్టాను. అలవాటు అలాంటిది. మంచినీళ్ల చెంబు అందుకోబోతూ ఆగాను. ఆయన నెమలిలో ఉన్నారు. బండికి కాడి దించేసి ఉంది.

షెడ్డుకి ఎలా వెళ్లానో గుర్తు లేదు. ఎడమవైపు వెనక తలుపు రెండు వేళ్ల మందాన తెరుచుకుని ఉంది.

లాగి చూస్తే, సీట్ల మధ్య కింద, కడిగి ఆరబెట్టిన చాప మీద పద్మ పడుకుని ఉంది. చల్లగా ఉందని దూరి నిద్రపోయినట్టుంది. పైన రేకుల కప్పు, అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, లోపల పొయ్యిలా ఉంది. పిల్ల ఒళ్లంతా తడిసి, మెడ వాలిపోయి ఉంది. కొబ్బరిముక్క చేతిలోనే ఉంది. ఎత్తుకుని బయటికి తెచ్చి నీళ్లు చల్లాను. చాలాసేపటికి మూలిగింది. ఆ మూలుగు విని అప్పుడు అరిచాను, బావి దగ్గరున్నవాళ్లకి వినపడేట్టు.

డాక్టరుగారు వచ్చి చూసి, ఇంకాసేపు అలాగే ఉండుంటే తను చేసేదేమీ ఉండేది కాదన్నారు. రాజ్యం నా కాళ్లు పట్టుకుంది. తలుపు నేను తీయలేదమ్మా అని ఎంత చెప్పినా వినిపించుకోలేదు.

సాయంత్రం మావారు వచ్చారు. అంతా విని, నేరుగా షెడ్డులోకి వెళ్లి బానెట్టు ఎత్తారు. నేను లాంతరు పట్టుకున్నాను. తీగ ఊడదీసి పక్కనే ఉంది, దాని కొసకి బంతిపువ్వు కట్టినట్టే ఉంది. తర్వాత ఆ తలుపు దగ్గరికి వచ్చి పిడి చూశారు. నేను రేకు అంచు పట్టుకుని లాగాను గానీ పిడి ముట్టలేదు. పొద్దున పెట్టిన బొట్టు పొడి కూడా రాలకుండా అలాగే ఉంది. మిగతా రెండు తలుపులూ బిగిసే ఉన్నాయి.

మర్నాడు పొద్దున రాఘవమ్మ ఆ కబురు తెచ్చింది. అందుకే నేను వేళ అడిగాను.

ఏసోబుని ఊరికి తెచ్చాక మేమిద్దరం వెళ్లాం. నేను ఏమీ అడగలేదు. మార్తమ్మే ఏడుస్తూ చెప్పుకుంది. "చివర్లో మనుషుల్ని గుర్తుపట్టలేదమ్మగారూ. చెయ్యి మాత్రం ఆడిస్తానే ఉన్నాడు. అమ్మగారి బండికి తీగ కట్టాలే, తీగ కట్టాలే అంటానే ఉన్నాడు. కడుదువుగానిలే, పడుకో అన్నా. ఉన్నట్టుండి ఏదో గుంజినట్టు గుంజాడు చేత్తో. 'ఆఁ, వచ్చింది' అన్నాడు. ఇంక మాట లేదు."

మావారు తలవంచుకుని నిలబడ్డారు. మా ఇంట్లో జరిగింది ఆమెకు అప్పటికి తెలియదు. నేనే చెప్పాను. విని, కళ్లు తుడుచుకుని, "మరి నాతో ఒక్క మాటైనా చెప్పి పోలేదు గదమ్మా, బండి దగ్గరికి పోయాడు" అంది. ఆమె పక్కన కూర్చున్నాను, అంతే.

తర్వాత మావారు ఊరుకోలేదు. బ్యాటరీ తీగ ఊడదీసి, ఆ తలుపు వేసి, షెడ్డులో బల్ల మీద మధ్యాహ్నమంతా కూర్చున్నారు. ఎండకి స్ప్రింగు సాగిందేమో, గడియ సరిగ్గా పడలేదేమో అని. ఒకరోజు కాదు, ఎన్నో రోజులు. తలుపు కదల్లేదు. విస్సన్నపేట నుంచి వేరే మెకానిక్కుని తెచ్చి రేకు విప్పించారు. అతను కాయిలు చూసి, స్ప్రింగు చూసి, గడియను చేత్తో లాగలేక పట్టకారు తెచ్చుకున్నాడు. ఇది దానంతటది ఊడే రకం కాదండి, ఎవరో గుంజాల్సిందే అన్నాడు. లోపలి నుంచి తీగ మాత్రం అతనిచేత కట్టించారు. పని పూర్తయ్యాక మావారు తలుపుకి చెవి ఆనించి విన్నారు. నాతో ఆయన ఆ విషయం మాట్లాడింది ఒక్కసారే. "వాడు పని సగంలో వదిలే మనిషి కాదు" అన్నారు.

పిల్లను అడిగితే ఏం చెబుతుంది. నిద్రపోయానంది.

దీన్ని ఏమనాలో నాకు ఈనాటికీ తెలియదు. దయ్యం అని నేననను. ఆ మాట అతనికి తగదు. స్వామి మహిమ అని కొందరన్నారు. కాదనడానికి నేనెవర్ని. కానీ స్వామి ఆ రోజు ఎవరి చేతిని వాడుకున్నాడో నాకు తెలుసుననిపిస్తుంది, అది ఎలా కుదిరిందో మాత్రం తెలియదు. ఆ ఏడు నుంచి ఆయుధపూజ నాడు మార్తమ్మ తమ గుడిలో వెలిగించడానికి నా తరఫున ఒక కొవ్వొత్తి పంపేదాన్ని. నా దీపం దగ్గర స్వామి పేరు తర్వాత అతని పేరు చెప్పుకుంటాను. తప్పని నాకెవరూ చెప్పలేదు.

ఆయన పోయారు. ఆ కారు అమ్మేశాం. మార్తమ్మా లేదు. ఏసోబుకి పిల్లలు లేరు, ఆ రేకుల కొట్టు ఉన్నచోట ఇప్పుడు ఇంకేదో కట్టారు. అతని పేరు తెలిసినవాళ్లలో నేనే మిగిలానేమో.

పద్మకి మనవలొచ్చారు. అప్పుడప్పుడూ తన కారులో నన్ను నెమలి తీసుకెళుతుంది. ఎడమవైపు వెనక సీటు నాది, అక్కడ ఇంకెవరినీ కూర్చోనివ్వదు. బండి కదలగానే తలుపులన్నీ వాటంతటవే టక్కుమంటాయి.

మీరూ రోజూ కార్లెక్కుతుంటారు. తలుపు వేసుకున్నాక ఆ చప్పుడు వినపడుతుంది. వినపడినప్పుడు, తిరువూరులో ఏసోబు అని ఒక మెకానిక్ ఉండేవాడని ఒక్కసారి తలచుకోండి.